ఐజ్ వైడ్ షట్: సాక్ష్యం ఒకటే, తీర్పులు రెండు

"పరిత్రాణాయ సాధూనాం, వినాశాయ చ దుష్కృతాం." ఈ శ్లోకం చెవిన పడగానే తెలుగువాళ్లకు ఘంటసాల గొంతు గుర్తొస్తుంది. కొందరికి గుడి మైకు, ఇంకొందరికి ఊళ్లో ఎవరో పోయిన ఇల్లు. 1999 జులైలో అమెరికా థియేటర్లలో ఇదే శ్లోకం అసలు ఎవరూ ఊహించని చోట వినిపించింది. పెద్ద భవంతి. ముఖాలకు ముసుగులు వేసుకున్న ధనవంతులు, ముసుగు తప్ప ఒంటిమీద నూలుపోగు లేని స్త్రీలు. ఒక్కో గదిలో ఒక్కో గుంపు, అందరి ముందే సాగిపోతున్న శృంగారం. వాటి మధ్య నుంచి నల్ల అంగీ వేసుకున్న ఒక డాక్టరు చూసుకుంటూ నడిచి వెళ్తుంటాడు. వెనక నుంచి భగవద్గీత నాలుగో అధ్యాయం, ఎనిమిదో శ్లోకం.

ఆ సినిమా స్టాన్లీ కుబ్రిక్ తీసిన ఆఖరి సినిమా, ఐజ్ వైడ్ షట్. టామ్ క్రూజ్, నికోల్ కిడ్‌మన్ నటించారు. శ్లోకం మీద హిందూ సంఘాలు చేసిన అభ్యంతరం ఆ సినిమా చుట్టూ రేగిన గొడవల్లో ఒకటి మాత్రమే. రేటింగ్ మీద ఇంకో గొడవ. అన్నిటికన్నా పెద్దది సినిమా బాగుందా లేదా అన్నది. మన సినిమావాళ్ల భాషలో చెప్పాలంటే పక్కా డివైడ్ టాక్. మామూలుగా డివైడ్ టాక్ రెండో వారానికి ఏదో ఒక వైపు తేలిపోతుంది. దీనికి పాతికేళ్లు దాటినా తేలలేదు.

ఆ వాదనలన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక వింత కనిపిస్తుంది. తిట్టినవాళ్లు ఏ సీన్లు చూపించి తిట్టారో, పొగిడినవాళ్లు అవే సీన్లు చూపించి పొగిడారు. సినిమాలో వేడి లేదన్నారు, నిజమే. న్యూయార్క్ వీధులు సెట్టింగులా ఉన్నాయన్నారు, అదీ నిజమే. హీరో మొహంలో ఏమీ పలకదన్నారు, డైలాగులు సాగదీశారన్నారు. వీటిలో ఒక్కటి కూడా అబద్ధం కాదు. చూసిన విషయాల దగ్గర ఎవరికీ పేచీ లేదు. వాటికి అర్థం ఏమిటన్న దగ్గరే దారులు విడిపోయాయి.

ఆ గొడవ సగం సినిమా రాకముందే తయారైంది. కుబ్రిక్ అంతకుముందు సినిమా తీసి పన్నెండేళ్లయింది. న్యూయార్క్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఆయన విమానం ఎక్కడు, ఇంటర్వ్యూలు పెద్దగా ఇవ్వడు, సెట్‌లోకి బయటివాళ్లని రానివ్వడు. అప్పటికి నిజజీవితంలోనూ భార్యాభర్తలైన ఇద్దరు పెద్ద స్టార్లను తీసుకుని 1996 నవంబర్‌లో షూటింగ్ మొదలుపెట్టాడు. అది 1998 జూన్ దాకా సాగింది. ఆగకుండా సాగిన అతి పొడవైన షూటింగ్‌గా గిన్నిస్ రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. మధ్యలో నటుడు హార్వే కైటెల్ తప్పుకుని సిడ్నీ పొలాక్ వచ్చాడు, జెన్నిఫర్ జేసన్ లీ స్థానంలో మేరీ రిచర్డ్‌సన్ వచ్చింది. లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. తెలియని చోట పుకార్లు పుడతాయి కదా. వచ్చిన పుకార్లన్నీ పడకగది చుట్టూనే తిరిగాయి.

1999 మార్చి మొదట్లో కుబ్రిక్ తాను ఎడిట్ చేసిన సినిమాను క్రూజ్, కిడ్‌మన్ దంపతులకు, స్టూడియో వార్నర్ బ్రదర్స్ పెద్దలకు న్యూయార్క్‌లో చూపించాడు. వారం తిరక్కుండానే, మార్చి 7న, నిద్రలో గుండెపోటుతో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 70. కొద్ది రోజుల్లోనే థియేటర్ యజమానుల సభలో టీజర్ వేశారు. అద్దం ముందు కిడ్‌మన్ నగ్నంగా నిలబడి ఉంటుంది, క్రూజ్ దగ్గరికి వస్తాడు, వెనక క్రిస్ ఐజక్ పాట. కథ గురించి ఒక్క ముక్క లేదు. ఆ టీజర్ చూసినవాళ్లకు సినిమా ఎలా ఉంటుందన్న దానిలో అనుమానమే మిగల్లేదు. జులై మొదట్లో టైమ్ పత్రిక ఇద్దరినీ ముఖచిత్రంగా వేసింది.

హాలీవుడ్‌లో అప్పటికే ఎరాటిక్ థ్రిల్లర్ అనే సరుకు బాగా నలిగి ఉంది. 1987లో ఫేటల్ అట్రాక్షన్, 1992లో బేసిక్ ఇన్‌స్టింక్ట్ ఆడాక దాని లెక్క అందరికీ తెలిసిపోయింది. దారి తప్పిన మగవాడు ఒకడు, ప్రమాదకరమైన ఆడది ఒకతె, ఓ హత్య, నాలుగు పడకసీన్లు, ఆఖరి రీలులో కత్తి. టికెట్ కొన్నవాడికి కావాల్సింది రెండు: కాస్త వేడి, కాస్త టెన్షన్. ఐజ్ వైడ్ షట్‌ను ఆ లెక్కలోనే అమ్మారు. జనం ఆ లెక్కలోనే కొన్నారు.

జులై 16న సినిమా విడుదలైంది. నిడివి రెండు గంటల ముప్పై తొమ్మిది నిమిషాలు. మొదటి వారాంతంలో 2 కోట్ల 17 లక్షల డాలర్లు తెచ్చుకుని అమెరికాలో నంబర్ వన్‌గా నిలిచింది. ఓపెనింగ్స్‌కు ఢోకా లేదు. కానీ థియేటర్ నుంచి బయటికొచ్చే ప్రేక్షకులను అడిగి మార్కులు వేసే సినిమాస్కోర్ సంస్థ లెక్కలో దీనికి వచ్చింది డి మైనస్. ఫెయిల్‌కు ఒక్క మెట్టు పైన. సినిమా అమెరికాలో 5 కోట్ల 57 లక్షల దగ్గర ఆగిపోయింది. 6 కోట్ల 50 లక్షల డాలర్ల ఖర్చుతో తీసిన సినిమా ప్రపంచమంతా కలిపి 16 కోట్లు దాటింది కాబట్టి నిర్మాతలు మునగలేదు. యూరప్‌లో, జపాన్‌లో దీన్ని జనం ఓపికగా చూశారు.

విమర్శకులూ ఒక మాట మీద లేరు. ఎంత వరకు వెళ్లిందంటే, న్యూయార్క్ టైమ్స్‌లో జానెట్ మాస్లిన్ సమీక్ష మెచ్చుకుంటే, అదే పత్రికలో మిచికో కకుటాని ఆ వెంటనే రాసిన వ్యాసం విరుచుకుపడింది. మంచులాంటి దర్శకుడు వేడి పుట్టించబోయి చేతులు కాల్చుకున్నాడని ఆమె వాదన సారాంశం. వాషింగ్టన్ పోస్ట్‌లో స్టీఫెన్ హంటర్ ఇది పాతబడి కీచుమంటున్న సినిమా అన్నాడు. న్యూయార్కర్‌లో డేవిడ్ డెన్బీ ముసుగుల సీన్‌ను సినిమా చరిత్రలోనే అత్యంత ఆడంబరమైన శృంగార సభగా వెక్కిరించాడు. మరోవైపు రోజర్ ఈబర్ట్ నాలుగుకు మూడున్నర నక్షత్రాలు ఇచ్చాడు. చికాగో రీడర్‌లో జొనాథన్ రోజెన్‌బామ్ గట్టిగా వెనకేసుకొచ్చాడు. ఆస్కార్‌కు ఒక్క నామినేషన్ కూడా రాలేదు.

ఇంతకీ తెర మీద ఉన్నదేమిటి?

బిల్ హార్ఫర్డ్ న్యూయార్క్‌లో డబ్బున్న డాక్టరు. భార్య ఆలిస్, ఏడేళ్ల కూతురు. క్రిస్మస్ ముందు రోజులు. ఓ రాత్రి మాటామాటా పెరిగి, ఆడవాళ్లకు అలాంటి ఆలోచనలు రావని భర్త ధీమాగా అంటాడు. ఆమె పగలబడి నవ్వుతుంది. కింద కూలబడి మరీ నవ్వుతుంది. తర్వాత నెమ్మదిగా ఒక సంగతి చెబుతుంది. కిందటి ఏడాది విహారానికి వెళ్లినప్పుడు హోటల్లో ఒక నావికాదళ అధికారిని చూశానని, అతను ఒక్క రాత్రి కోసం రమ్మని ఉంటే భర్తనూ కూతురునూ వదిలేసి వెళ్లడానికి కూడా సిద్ధపడ్డానని. ఏమీ జరగలేదు. అతనితో మాటైనా కలపలేదు. జరగని ఆ విషయమే బిల్ బుర్రలో నలుపు తెలుపు బొమ్మగా మళ్లీ మళ్లీ ఆడుతుంది.

అప్పుడే ఫోన్ మోగుతుంది, ఓ పేషంటు పోయాడని. బిల్ బయటికెళ్తాడు. ఆ రాత్రంతా అతనికి అవకాశాలే. తండ్రి శవం పక్కనే ఆ పేషంటు కూతురు ప్రేమిస్తున్నానంటుంది. వీధిలో డామినో అనే వేశ్య తన గదికి తీసుకెళ్తుంది. పాత స్నేహితుడైన పియానో వాయిద్యగాడు రహస్య సభ సంగతి, లోపలికి వెళ్లే మాట చెబుతాడు. ఆ మాట ఫిడేలియో, అంటే బీథోవెన్ ఒపెరా పేరు. భర్త కోసం ప్రాణాలకు తెగించిన భార్య కథ అది. అద్దె అంగీ, అద్దె ముసుగు వేసుకుని బిల్ వెళ్తాడు. పట్టుబడతాడు. ఒక స్త్రీ అతనికి బదులు తాను శిక్ష అనుభవిస్తానంటుంది. మర్నాడు అదే పేర్ల కోసం, అవే తలుపుల కోసం తిరిగితే అన్నీ మూసుకుపోయి ఉంటాయి. ఒకామె శవాగారంలో ఉంటుంది.

రెండున్నర గంటల్లో అతను ఎవరితోనూ పడుకోడు. ఇదే అసలు ఫిర్యాదు. ఎరాటిక్ థ్రిల్లర్ అని పిలిచి, హీరోని ప్రతి గుమ్మం దాకా తీసుకెళ్లి, ప్రతిసారీ ఫోన్ కాలో, తలుపు చప్పుడో, ముసుగు మనిషో అడ్డం పెట్టి వెనక్కి పంపేశాడు దర్శకుడు. విందుకి పిలిచి విస్తరి వేసి, వడ్డించకుండా ఆకు ఎత్తేసినట్టు. కోపం రావడంలో తప్పులేదు. కానీ ఆ కోపం సినిమాలో హీరో కోపమే. భార్య మనసులో జరిగినదాన్ని చూడలేక, దానికి బదులుగా ఏదో ఒకటి చూడాలని, చెయ్యాలని ఊరంతా తిరిగే మనిషి కథకు ప్రేక్షకుణ్ణి కూడా అలాగే తిప్పడం కన్నా సరైన దారి ఇంకోటి లేదు. వేడి లేకపోవడం ఇక్కడ చేతకానితనం కాదు. ఇంతటి శృంగార సభను సైతం ఒక పూజా కార్యక్రమంలా, మార్చురీలా తీయాలంటే చాలా ప్రయత్నం కావాలి.

న్యూయార్క్ నకిలీగా ఉందన్న మాట చూద్దాం. సినిమాలో ప్రధాన భాగం ఇంగ్లండ్‌లోనే తీశారు. గ్రీనిచ్ విలేజ్ వీధుల్ని లండన్ దగ్గరి పైన్‌వుడ్ స్టూడియోలో సెట్ వేశారు. వీధుల వెడల్పు, పేపర్లు అమ్మే డబ్బాల మధ్య దూరం కొలుచుకురమ్మని మనిషిని న్యూయార్క్ పంపారు. అంత కొలిచీ, కొన్ని సీన్లలో క్రూజ్‌ను ట్రెడ్‌మిల్ మీద నడిపించి వెనక తెర మీద వీధిని ఆడించారు. ఎంత నడిచినా ఉన్నచోటే ఉండే మనిషి! నిజంలా కనిపించాలనుకున్నవాడు ట్రెడ్‌మిల్ వాడడు. ఎక్కడ చూసినా క్రిస్మస్ దీపాలు, ఒకే వీధి రెండు పేర్లతో మళ్లీ వచ్చినట్టు అనిపించడం, కలలో ఊరు ఇలాగే ఉంటుంది. కథకు ఆధారం కూడా కలే. వియన్నా రచయిత ఆర్థర్ ష్నిట్జ్‌లర్ 1926లో పుస్తకంగా తెచ్చిన నవలిక అది, దాని పేరే స్వప్న కథ. ఆ రచయితా డాక్టరే. తాను ఏళ్ల తరబడి రోగుల దగ్గర తవ్వి తీసినవి ఈయన ఊహతోనే పట్టేస్తున్నాడని, ఈయన్ని తన ప్రతిరూపంలా చూసి కలవడానికి జంకానని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ ఆయనకు ఉత్తరం రాశాడు.

కుబ్రిక్, సహ రచయిత ఫ్రెడరిక్ రాఫెల్ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల ఆ వియన్నా కథను 1990ల న్యూయార్క్‌కు తెచ్చారు. హంటర్ ఫిర్యాదు ఇక్కడే తగులుతుంది. 1990లలో ఒక చదువుకున్న డాక్టరు, భార్యకు ఓసారి ఇంకొకరి మీద మనసుపోయిందని తెలిసి ఇంతగా కుప్పకూలతాడా? ఇది కొట్టిపారేయలేని ప్రశ్న. అమెరికాలో అది పాతకాలపు మనిషిలా కనిపించి ఉండొచ్చు. మన దగ్గర ఈ ప్రశ్న వేస్తే ఎవరూ కుబ్రిక్‌ని పాతకాలం వాడనరు.

ఇక క్రూజ్ నటన. ఎదుటివాళ్లు అన్న ముక్కనే తిరిగి ప్రశ్నగా అనడం ఈ పాత్రకు అలవాటు. ఎవరో ఏదో చెబితే, "ఏదో చెప్పావా?" అన్నట్టు అదే మాట అప్పజెబుతాడు. మొదట్లో విసుగొస్తుంది. ఫ్రెంచి విమర్శకుడు మిషెల్ షియోన్ ఈ సినిమా మీద 2002లో తెచ్చిన చిన్న పుస్తకంలో ఈ చిలక పలుకుల మీదే చాలా శ్రద్ధ పెట్టాడు. బిల్‌కు సొంత మాట లేదు. అతనికి ఉన్నది ఒక కార్డు, "నేను డాక్టర్ని" అనే వాక్యం, ఒక పర్సు. బట్టల కొట్టుకు, హోటల్ రిసెప్షన్‌కు, ఆసుపత్రికి, ఎక్కడికెళ్లినా అదే కార్డు తీస్తాడు.

పర్సు సంగతి ఇంకా ఆసక్తికరం. ఏమీ జరగకపోయినా డామినోకు 150 డాలర్లు ఇస్తాడు. అర్ధరాత్రి కొట్టు తెరిపించడానికి అద్దెకు పైన మరో 200 ఒప్పుకుంటాడు. టాక్సీవాడు ఆగాలని వంద డాలర్ల నోటును రెండుగా చింపి సగం చేతిలో పెడతాడు. ఇంగ్లిషులో బిల్ అంటే నోటు కూడా. 2000లో ఫిల్మ్ క్వార్టర్లీ పత్రికలో టిమ్ క్రైడర్ రాసిన వ్యాసం చర్చను ఈ వైపు తిప్పింది. అందరూ సెక్స్ కోసం వెతుకుతూ డబ్బును చూడలేదని అతని వాదన. దీని మీద వచ్చిన రాతల్లో అన్నిటికన్నా పనికొచ్చేది అదే. ఆ కళ్లతో చూస్తే మొదటి పావుగంటే కథ చెప్పేస్తుంది. పార్టీకి భార్యతో వచ్చిన డాక్టరును పైకి పిలుస్తారు. బాత్రూములో మత్తుమందు ఎక్కువై పడిపోయిన ఓ నగ్న యువతి, పక్కన ప్యాంటు సర్దుకుంటున్న ఇంటి యజమాని జీగ్లర్. బిల్ ఆమెను బతికించి, ఎవరికీ చెప్పనని మాటిచ్చి కిందికొస్తాడు. పెద్దింటి పెళ్లికి అతిథిగా వెళ్లినా వంటింటి వైపు నుంచి పిలుపు తప్పని మనిషి అతను. తానూ వాళ్లలో ఒకణ్ణే అనుకోవడమే అతని భ్రమ.

ముసుగుల సభలో ఎలా దొరికిపోయాడో కూడా దీనికి సరిపోతుంది. లోపలికి వెళ్లే మాట తప్పు చెప్పి కాదు. మిగతావాళ్లంతా లిమోజిన్లలో వస్తే ఇతను టాక్సీలో వచ్చాడు. కోటు జేబులో బట్టల అద్దె రసీదు ఉంది. మొహం దాచే ముసుగు ఉంది కానీ తాహతు దాచే ముసుగు లేదు.

ఇప్పుడు రేటింగ్. అమెరికాలో ఆర్ రేటింగ్ వస్తే పదిహేడేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లతో కలిసి రావచ్చు. ఎన్‌సీ-17 వస్తే వాళ్లకు అసలు ప్రవేశం లేదు. మన ఏ సర్టిఫికెట్‌కు ఇది దగ్గర. తేడా ఏమిటంటే ఏ సర్టిఫికెట్ పోస్టరు మీద ఉంటే ఇక్కడ కొన్ని సినిమాలకు అదే పబ్లిసిటీ, అక్కడ ఎన్‌సీ-17 పడితే చాలా థియేటర్లు సినిమా వేయవు, చాలా పత్రికలు ప్రకటన తీసుకోవు. ఆర్ రేటింగ్ వచ్చేలా సినిమా ఇస్తానని కుబ్రిక్ ఒప్పందం ఉంది. ఆయన పోయాక స్టూడియో ముసుగుల సీన్‌లో దాదాపు 65 సెకన్ల మేర కంప్యూటర్‌తో మనుషుల్ని గీయించి అడ్డం నిలబెట్టింది. అంగీలు వేసుకున్న నీడల్లాంటి బొమ్మలు సరిగ్గా చూడాల్సిన చోట నిలబడి ఉంటాయి. ఈబర్ట్ దీన్ని ఆస్టిన్ పవర్స్ (నగ్నత్వానికి వస్తువులు అడ్డం పెట్టి నవ్వించే హాస్య చిత్రం) వెర్షన్ అని ఎగతాళి చేశాడు. లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ విమర్శకుల సంఘాలు రేటింగ్ బోర్డును తప్పుపట్టాయి. యూరప్ ప్రేక్షకులు మాత్రం బొమ్మల్లేని సినిమా చూశారు. అదే ఏడాది వెనిస్ చిత్రోత్సవం దీనితోనే మొదలైంది.

చూడబోతే తెలుస్తుంది కానీ, ఆ అడ్డం తీసేసినా వెనక అంత కొంప మునిగేదేమీ లేదు. అసలు కన్నా అడ్డమే ఎక్కువ రెచ్చగొట్టింది. ఈ ఒక్క విషయంలో రేటింగ్ బోర్డు తెలియకుండానే కుబ్రిక్ కథకు సాయం చేసింది.

శ్లోకం విషయం వేరు. దాన్ని నవ్వి వదిలేయడం కుదరదు. సంగీతం అందించినది ఇంగ్లండ్‌కు చెందిన జోసలిన్ పూక్. గదుల్లో బిల్ నడిచేటప్పుడు వచ్చే మైగ్రేషన్స్ అనే ఆమె పాత బాణీలో వినిపించేది లండన్‌లో స్థిరపడిన శ్రీలంక తమిళ కర్ణాటక గాయకుడు మాణిక్కం యోగేశ్వరన్ గొంతు. ధర్మాన్ని నిలబెట్టడానికి యుగయుగాన పుడతానన్న భగవంతుడి మాటను అలాంటి సీన్ వెనక వాడటం అవమానమని అమెరికాలో పరువు నష్టాలపై పోరాడే హిందూ సంఘం ఒకటి వార్నర్ బ్రదర్స్‌కు రాసింది. ఇతర దేశాల హిందూ సంఘాలూ గొంతు కలిపాయి. స్టూడియో దిగివచ్చింది. తర్వాత వచ్చిన ప్రతుల్లో ఆ శ్లోకాన్ని తీసి వేరే ఆలాపన పెట్టింది.

కావాలని వ్యంగ్యంగా పెట్టారని వాదించేవాళ్లు ఉన్నారు. దుష్టుల్ని శిక్షిస్తానన్న మాట దుష్టుల విందులో మోగడం బలమైన ఊహే. కానీ ఆ భాష తెలిసినవాళ్లకే ఆ వ్యంగ్యం అందాలి. సినిమా తన ప్రేక్షకుల్లో అలాంటివాళ్లు ఉంటారని ఎక్కడా లెక్కేసినట్టు కనబడదు. సంస్కృతం అక్కడ అర్థం కోసం లేదు, అర్థం కాకపోవడం కోసం ఉంది. వినేవాడికి ఏదో దూరపు, పాతకాలపు, తెలియని మతం అనిపిస్తే చాలు. సినిమాలోని చాలా తప్పుల్ని కలలో భాగమని సమర్థించవచ్చు కానీ ఈ ఒక్కదానికి ఆ వాదన చాలదు.

ఇంకో మంత్రం కూడా అదే సభలో ఉంది. ఎర్ర అంగీ వేసుకున్న సభ పెద్ద ఒకడు ధూపం వేస్తూ స్త్రీల చుట్టూ తిరిగేటప్పుడు వినిపించే గంభీరమైన గొంతులు రొమేనియా ఆర్థడాక్స్ చర్చి పూజారులవి. ఆ ప్రార్థనను పూక్ వెనక నుంచి ముందుకు తిప్పి వినిపించింది. ఏ భాషా కాకుండా పోయింది. అందుకే కాబోలు దాని మీద అంత అలజడి లేదు. గీతను తిప్పలేదు, ఉన్నది ఉన్నట్టు పెట్టారు. అందుకే దొరికిపోయారు.

ఈ సందర్భంలోనే ఒక పక్క మాట. ఆ సభ లోపలి భాగాలు తీసింది ఇంగ్లండ్‌లోని సఫోక్ జిల్లాలో ఉన్న ఎల్వెడెన్ హాల్‌లో. అది ఒకప్పుడు పంజాబ్ ఆఖరి మహారాజు దులీప్ సింగ్ ఇల్లు. రాజ్యం, కోహినూర్ వజ్రం రెండూ ఇంగ్లిషువాళ్లకు పోగొట్టుకున్న ఆయన ఆ ఇంటిని లోపల మొఘల్ తరహాలో అలంకరించుకున్నాడు. ఆ తర్వాతి యజమానులు తాజ్‌మహల్‌ను తలపించే పాలరాతి హాలు కట్టించారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే వజ్రం ఒకప్పటి యజమాని ఇంట్లో, గీతా శ్లోకం మోగుతుండగా, తెల్లదొరల ముసుగుల విందు. ఇది ఎవరూ ప్లాన్ చేసింది కాదు. ప్లాన్ చేసి ఉంటే మరీ అతిగా ఉందని కొట్టేసేవాళ్లు.

సమర్థకులు ఒప్పుకోని లోపాలు కొన్ని ఉన్నాయి. మొదటిది బిలియర్డ్స్ బల్ల సీన్. ఎర్ర గుడ్డ పరిచిన బల్ల చుట్టూ తిరుగుతూ జీగ్లర్ పది నిమిషాలకు పైగా అంతా వివరిస్తాడు. ఎవరు చచ్చారు, ఎందుకు చచ్చారు, ఏది నాటకం, ఏది నిజం. అతను అబద్ధం చెబుతూ ఉండొచ్చు, నిజమే. అయినా రెండు గంటలు మౌనంతో భయపెట్టిన సినిమా చివర్లో కూర్చోబెట్టి పాఠం చెబుతుంటే ల్యాగ్ అనిపించక మానదు. ష్నిట్జ్‌లర్ నవలికలో ఈ పాత్రే లేదు. లేకపోవడం వల్ల ఆ కథకు నష్టమూ లేదు.

రెండోది ఆలిస్. ఇరుపక్షాల విమర్శకుల్లోనూ కిడ్‌మన్‌ను మెచ్చుకున్నవాళ్లు ఎక్కువ. సినిమాను నిలబెట్టిన సీన్ కూడా ఆమెదే, ఆ నవ్వు, ఆ తర్వాతి మాటలు. కానీ దాని తర్వాత కథ ఆమెను ఇంట్లో వదిలేసి భర్త వెంట పోతుంది. దారిలో ఎదురైన ప్రతి స్త్రీ ఏదో ఒక రూపంలో అతనికి తనను తాను ఇచ్చుకోవడానికి సిద్ధం. మగవాడి కలను చూపిస్తున్నాడు కాబట్టి అంతే అనొచ్చు. అయినా ఆ కల చూపించడానికి అన్ని గంటలు, ఆమె కల చెప్పడానికి నాలుగు నిమిషాలు అన్న లెక్క కాస్త కష్టంగానే ఉంటుంది.

కుబ్రిక్ దీని గురించి ఏమనుకున్నాడో అందులోనూ డివైడ్ టాకే. ఆయన బావమరిది, నిర్మాత యాన్ హర్లన్ చెప్పిన ప్రకారం సినిమా కళకు తాను చేసిన అన్నిటికన్నా గొప్ప పని ఇదేనని కుబ్రిక్ భావించాడు. గతంలో కుబ్రిక్‌తో పనిచేసిన నటుడు లీ ఎర్మీ మాత్రం, ఇది చెత్త సినిమా అని కుబ్రిక్ తనతో ఫోన్లో అన్నాడని 2006లో చెప్పాడు. పియానో వాయిద్యగాడిగా నటించిన టాడ్ ఫీల్డ్ ఆ మాటను ఖండించాడు. పోయిన మనిషిని అడగలేం కాబట్టి ఎవరికి కావాల్సిన కుబ్రిక్ వాళ్లకు ఉన్నాడు.

గాలి నెమ్మదిగా మళ్లింది. మార్టిన్ స్కోర్సెసీ 1990ల గొప్ప సినిమాల్లో దీనికి నాలుగో స్థానం ఇచ్చాడు. టీజర్ చూడని, పుకార్లు వినని తరం ఒకటి వచ్చి ఇంట్లో కూర్చుని చూసింది. ఎరాటిక్ థ్రిల్లర్ అనే మాట వాళ్లకు పెద్ద ఆశలు రేపే మాట కాదు. అమెరికాలో క్రిస్మస్ రోజుల్లో దీన్ని థియేటర్లలో మళ్లీ వేయడం ఓ ఆచారంలా తయారైంది. పండగ దీపాలు ఇంతగా ఉన్న సినిమాకు జులైలో విడుదల తేదీ పెట్టడమే తప్పేమో.

తర్వాత 2019లో, మైనర్ బాలికలపై లైంగిక నేరాల కేసులో అమెరికా సంపన్నుడు జెఫ్రీ ఎప్‌స్టీన్ అరెస్టయ్యాక ఇంకో గుంపు వచ్చింది. పెద్దవాళ్ల రహస్య విందుల్ని కుబ్రిక్ ముందే బయటపెట్టాడని, అసలు నిజాలున్న భాగాన్ని స్టూడియో కత్తిరించేసిందని, అందుకే ఆయన చనిపోయాడని కథలు అల్లారు. ఆధారాలు లేవు. గమనిస్తే ఇది 1999 నాటి కోరికే, వేషం మార్చింది. అప్పుడు పడకగది చూపించమన్నారు, ఇప్పుడు పేర్లు చూపించమంటున్నారు. ఆ సభలో ఎవరున్నారో పేర్లు చెబితే నీకు రాత్రి నిద్ర పట్టదని జీగ్లర్ అంటాడు. చెప్పడు. సినిమా కూడా చెప్పదు.

2007లో అమెరికాలో కొత్త డీవీడీ వచ్చింది. 65 సెకన్ల కంప్యూటర్ బొమ్మలు అందులో లేవు. ఎనిమిదేళ్ల కింద యూరప్ చూసిన సినిమాయే అమెరికా ఇంటికి చేరింది. శ్లోకం మాత్రం వెనక్కి రాలేదు. బిల్ అదే అంగీలో గది నుంచి గదికి నడుస్తుంటాడు, ఘంటసాల గొంతులో పలికిన ఆ పదాలు ఉన్న చోట ఏ దేశానిదో తెలియని ఆలాపన సాగుతుంటుంది. దానికి కాస్త ముందు, ఎర్ర అంగీ వేసుకున్న ఆ సభ పెద్ద ఒకడు ధూపం ఊపుతుంటే, రొమేనియా పూజారుల ప్రార్థన ఎప్పటిలాగే చివరి నుంచి మొదటికి నడుస్తుంటుంది.